లాంగ్ జంప్ పిల్లకు ఊహలో ప్రాక్టీస్ చేయించడానికి వీఆర్ పనికొస్తుందా?

ప్రశ్న – పీఈటీ, పర్వతగిరి వైపు

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి లాంగ్ జంప్ చేస్తుంది. బడి గ్రౌండ్‌లో దూకే ముందు అడుగు బోర్డు మీద సరిగ్గా పడుతుంది. హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో సింథటిక్ రన్‌వే ఎక్కితే మాత్రం కాలు బోర్డు దాటి ఫౌల్ మీద ఫౌల్. మైకులో చెస్ట్ నంబర్ పిలవగానే మొహం పాలిపోతుంది. దీప్తి జీవాంజిది మా పక్కనున్న కల్లెడే. 2024లో ఆమె పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చినప్పటి నుంచి మా పిల్లలకు ఆటల మీద ఆశ పెరిగింది. ఈ బిడ్డ టెన్షన్ వల్ల ఆగిపోతుంటే చూడలేకపోతున్నా.

కళ్లు మూసుకుని నీ జంప్ ఊహించుకో అంటే "ఏం కనిపిస్తలేదు సార్" అంటుంది. మా పాత విద్యార్థి ఒకతను వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే వీడియోలోని చోటులోనే ఉన్నట్టు చూపించేది) ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు – అథ్లెటిక్స్ కోచ్, హన్మకొండ

తీసుకోండి సార్. కానీ ముందు ఆ ఫౌల్ ఎందుకవుతుందో తేల్చుకోండి. మట్టి మీద పరుగు వేరు, సింథటిక్ మీద స్పైక్స్‌తో (అడుగున మేకులున్న బూట్లతో) పరుగు వేరు. పట్టు బాగుంటుంది కాబట్టి అడుగు సాగుతుంది, పోటీ ఊపులో ఇంకొంచెం సాగుతుంది. చెక్ మార్క్ (పరుగు మొదలుపెట్టే గుర్తు) వెనక్కి జరపకుండా మనసుకు ఎంత శిక్షణ ఇచ్చినా కాలు బోర్డు దాటే పడుతుంది.

ఇక హెడ్‌సెట్ సంగతి. కళ్ల ముందు ఏమీ కనిపించని పిల్లకు చోటు చూపించడానికి అది చాలా మంచిది. అయితే చూడటం వేరు, ఊహించడం వేరు. వీడియో ఎదురుగా ఆడుతున్నంతసేపూ మనసుకు పని ఉండదు. ఒకసారి చూడనిచ్చి, హెడ్‌సెట్ తీసేసి, వెంటనే అదే జంప్‌ను కళ్లు మూసుకుని మనసులో చేయమనండి. స్పైక్స్ వేసుకుని రన్‌వే మొదట్లో నిలబడి ఊహిస్తే ఇంకా మంచిది. హోమ్స్, కాలిన్స్ 2001లో చెప్పిన పెట్‌లెప్ పద్ధతిలో అసలు విషయం ఇదే: ఊహ వీలైనంత నిజమైన ఆటలా ఉండాలి. అవే బట్టలు, అదే చోటు, అదే వేగం, అదే గుండెదడ. స్లో మోషన్ వద్దు.

టీవీలో వచ్చే పోటీలు గ్యాలరీ నుంచి తీసినవి, అవి పెట్టకండి. ఆ అమ్మాయి కళ్ల ఎత్తులో 360 కెమెరా (చుట్టూ అన్ని వైపులా తీసేది) పెట్టి, రన్‌వే మొదట్లో ఆమెకు ఏం కనిపిస్తుందో అదే తీయండి. మైకు గోల కూడా రికార్డు కావాలి, ఆమె భయం అక్కడే ఉంది కదా.

మొదటి జంప్ ఫౌలై ఎర్రజెండా లేచాక రెండో జంప్‌కు ఎలా వెళ్లాలో కూడా ఊహలో చేయించండి. మైకేల్ ఫెల్ప్స్ చేత కోచ్ బాబ్ బౌమన్ ఇలాగే చెడిపోయిన రేసులను కూడా మనసులో ఈదించేవాడు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో గాగుల్స్ నిండా నీళ్లొచ్చి ఏమీ కనబడకపోయినా, ఫెల్ప్స్ స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ప్రపంచ రికార్డుతో గెలిచాడు.

జవాబు – ఫిజియోథెరపిస్ట్, కాజీపేట

కళ్లకు పరుగు కనిపిస్తుంటే ఒళ్లు కదలకపోవడం వల్ల కొందరికి తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు అవుతుంది. అందుకే కూర్చోబెట్టి, కొద్దిసేపే చూపించండి. తల తిరిగితే ఆరోజుకు ఆపేయండి, వెంటనే పరుగెత్తనివ్వకండి. మెటా క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లు 10 ఏళ్లలోపు పిల్లలకు వద్దని కంపెనీయే చెబుతుంది. మీ అమ్మాయికి వయసు అడ్డం కాదు, కానీ అమ్మానాన్నలకు చెప్పే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

కోచ్ సార్, చెక్ మార్క్ గురించి నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. ఎంత వెనక్కి జరపాలి? 360 కెమెరా మా దగ్గర లేదు, ఫోన్‌తో తీస్తే నడుస్తుందా?

జవాబు – అథ్లెటిక్స్ కోచ్, హన్మకొండ

ఎంత అనేది ఆమె పరుగే చెప్పాలి. బోర్డు పక్కన నిలబడి కొన్ని రన్‌అప్‌లు దూకకుండా చేయించండి, కాలు ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టి అంత జరపండి. ఫోన్ వీడియో చాలు, ఛాతీకి కట్టి ఆమెనే నడిపించండి. జేఎన్‌ఎస్‌లో తీసే ముందు ఆఫీసులో అడగండి, పొద్దున ట్రాక్ మీద జనం ఎక్కువ. మీరు ఏ రోజు వస్తారో చెబితే నేనూ వస్తాను.