‘సెషన్ టైప్’కి ‘వరస’ అనొచ్చా?

అర్ధరాత్రి కోడు:
అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నాను, ఇక నా వల్ల కాక ఇక్కడ పెడుతున్నా. ఆదివారాలు ముగ్గురం కూర్చుని లాంబ్డా కాల్క్యులస్, పై (π) కాల్క్యులస్ చదువుకుంటున్నాం, నోట్సు మాత్రం తెలుగులోనే రాసుకోవాలని పంతం. ‘టైపు’కి ‘రకం’ అని రాసేసి సగం పుస్తకం లాగించాం. ‘సెషన్ టైప్’ దగ్గర బండి ఆగిపోయింది. మాలో ఒకడు ‘సమావేశ రకం’ అన్నాడు. చదివితే పంచాయతీ మీటింగుల్లో రకాలు చెబుతున్నట్టుంది.

సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లాంబ్డా కాల్క్యులస్ 1930లలో అలోంజో చర్చ్ కట్టిన చిన్న భాష. అందులో ఫంక్షన్లు (ఒకటి ఇస్తే లెక్కకట్టి ఇంకోటి తిరిగిచ్చేవి) తప్ప ఇంకేమీ ఉండవు, ఏ ఫంక్షన్‌కి ఏదైనా ఇవ్వొచ్చు, తనకి తననే ఇచ్చుకోవచ్చు కూడా. అందువల్ల ఎప్పటికీ ఆగని లెక్కలు పుడతాయి. ఆయన తర్కం కోసం కట్టిన మొదటి పద్ధతిలో వైరుధ్యం ఉందని 1935లో ఆయన శిష్యులు క్లీనీ, రోసర్‌లే చూపించారు. 1940లో చర్చ్ టైపులు పెట్టాడు: సంఖ్యను తీసుకునే ఫంక్షన్‌కి సంఖ్యే ఇవ్వాలి, వేరేది ఇస్తే అసలు అది వాక్యమే కాదు. దాంతో ఆ ఆగని లెక్కలు రాయడానికే వీల్లేకుండా పోయాయి.

పై కాల్క్యులస్‌ను 1992లో మిల్నర్, పారో, వాకర్ ప్రచురించారు. ఇందులో ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు చానెళ్ళ మీద మాట్లాడుకుంటాయి, ఒక చానెల్ పేరునే ఇంకో చానెల్ మీద పంపుకుంటాయి కూడా. ఇక్కడ టైపు అంటే ఏం చెప్పాలి? ‘ఈ చానెల్ మీద సంఖ్యలు పోతాయి’ అంటే చాలదు. ముందు సంఖ్య పంపాలి, తర్వాత అవును కాదు అని జవాబు తీసుకోవాలి, ఆ తర్వాత ముగించాలి. ఈ క్రమాన్నే టైపుగా రాయొచ్చని 1993లో కోహెయ్ హోండా చూపించాడు. అవతలి కొసకు దీనికి అద్దం లాంటి టైపు ఉంటుంది, ఇటు ‘పంపు’ అంటే అటు ‘తీసుకో’. ఈ రెండూ సరిపోతే ఆ చానెల్ మీద మాట తేడా రాదు.

ఇదే ‘సెషన్ టైప్’. దీనికి తెలుగులో ఏమనాలి?

పాత పలక:
బాబూ, ముందు ఆ ‘రకం’ దగ్గరే పొరపాటు పడ్డారనిపిస్తోంది. రకం అంటే వస్తువులో ఉండేది. బియ్యంలో రకాలు, చీరల్లో రకాలు. మీరు చెప్పిన టైపు వస్తువు గురించి కాదు కదా, ఏది దేనితో పొసుగుతుంది అన్న సంగతి. దానికి మన శాస్త్రాల్లో మాట ఎప్పటి నుంచో ఉంది, యోగ్యత. అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యార్థం తెలియాలంటే మూడు కావాలన్నాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘ఆవు గుర్రం మనిషి ఏనుగు’ అంటే ఒక పదానికి ఇంకో పదం అక్కర లేదు కాబట్టి అది వాక్యం కాదు, ఆకాంక్ష లేదు. ‘నిప్పుతో తడుపు’ అంటే వ్యాకరణం అంతా బాగానే ఉంది, తృతీయా విభక్తి పడింది, క్రియ ఉంది, అయినా పొసగదు. యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఇప్పుడు చెప్పి, జాము గడిచాక ‘తీసుకురా’ అంటే సన్నిధి లేదు.

మీ ఫంక్షన్ టైపు అంటే నాకు ఆకాంక్షే కనిపిస్తోంది. ‘తెచ్చాడు’ అనగానే ఏం తెచ్చాడు అని చెవి ఎదురుచూస్తుందే, అది. ఆ ఎదురుచూపుకి సరైనది దొరకడం యోగ్యత.

అర్ధరాత్రి కోడు:
మాస్టారూ, మీరన్నది ఊరికే పోలిక కాదు. 1935లో అయ్దుకేవిచ్, 1958లో లాంబెక్ సరిగ్గా ఇదే చేశారు, వాక్యంలో ప్రతి పదానికీ ‘ఇటు ఇది దొరికితే అది అవుతాను’ అని ఒక టైపు ఇచ్చి, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి ‘వాక్యం’ మిగిలితే సరే అన్నారు. ‘నిప్పుతో తడుపు’ మాత్రం వాళ్ళ లెక్కలో పాసైపోతుంది. అది పదాల కూర్పులో తప్పు కాదు, అర్థంలో తప్పు.

చిట్టి అక్షరం:
అక్కడే నాకు అభ్యంతరం. యోగ్యత లోకం గురించి, నిప్పు తడపదు అన్నది లోకంలో నిజం. టైపులు లోకాన్ని చూడవు, రాసిన అక్షరాల్ని చూసి రన్ చేయకముందే తేల్చేస్తాయి.

అర్ధరాత్రి కోడు:
సగం ఒప్పుకుంటాను. 1978లో మిల్నర్ టైపు సరిపోయిన ప్రోగ్రాము తప్పు పోదు అన్నప్పుడు అక్షరాలతో సరిపెట్టలేదు, ప్రతి టైపుకీ ఒక అర్థం ఇచ్చి, ‘తప్పు’ అనే దాన్ని కూడా ఒక విలువగా పెట్టి, టైపు కుదిరితే ఆ విలువ రాదని రుజువు చేశాడు. అది మాస్టారి యోగ్యతకి దగ్గర. ఇప్పుడు ఎక్కువమంది వాడేది 1994లో రైట్, ఫెల్లైసెన్ చెప్పిన దారి: ఒక్కో అడుగూ వేసినప్పుడు టైపు మారకూడదు, లెక్క పూర్తి కాకుండా మధ్యలో ఇరుక్కోకూడదు. అది మీరన్నట్టు అక్షరాల పనే.

గోదారి గట్టు:
నేను తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను, కంప్యూటర్ సంగతులు నాకు తెలియవు. కానీ పై పోస్టు రెండుసార్లు చదివాక నోట్లోకి వచ్చిన మాట ‘వరస’. చూడండి. వరస అంటే క్రమం, ఒకదాని తర్వాత ఒకటి. వరస అంటే చుట్టరికం కూడా, ‘నీకు ఏ వరస అవుతాడు?’ అంటాం. చుట్టరికంలో వరస ఒక్కరికి ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. నేను నీకు అత్తనైతే నువ్వు నాకు కోడలివి. ఇటు అత్త, అటు కూడా అత్త అంటే కుదరదు. అద్దం లాంటి టైపు అని ఆ అబ్బాయి అన్నది ఇదే కాదా?

మూడోది కూడా ఉంది. ‘వాడి వరస చూస్తుంటే నాకేం బాగోలేదు’ అంటాం. అక్కడ వరస అంటే నడవడిక.

అర్ధరాత్రి కోడు:
అమ్మా, నమస్కారం, నిజంగా లేచి నిలబడ్డాను. క్రమం, ఇద్దరి మధ్య సంబంధం, నడవడిక. ఈ జాతి టైపులన్నిటికీ కలిపి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘బిహేవియరల్ టైప్స్’, అంటే నడవడిక టైపులే. ఇంగ్లీషులో మూడు మాటలు కావలసినది మనకి ఒక్క మాటలో ఉంది.

ఇంకోటి గమనించాను. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు కొత్తవాణ్ణి పట్టుకుని ‘మీ నాన్నకి మా బావ ఏమవుతాడు’ అంటూ రెండు చుట్టరికాల నుంచి మూడోది లాగుతారు చూశారా, అది టైపు రాయకపోయినా కంపైలర్ తనంతట తానే కనిపెట్టే పద్ధతి. హిండ్లీ 1969లో, మిల్నర్ 1978లో విడివిడిగా కనిపెట్టారు. ఒక్కోసారి ఇటు నుంచి చూస్తే బావ, అటు నుంచి చూస్తే తమ్ముడు అవుతాడు, అప్పుడు పెద్దవాళ్ళు కూడా చేతులెత్తేస్తారు. మా కంపైలర్ ఎర్రగా తిట్టేది కూడా అలాంటి చోటే. తనకి తననే ఇచ్చుకునే ఫంక్షన్ అయితే తనకి తానే మామ అయినట్టు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా తెగదు.

చిట్టి అక్షరం:
బాగుంది గానీ మీరంతా మురిసిపోతున్నారు. సెషన్ టైపుకి అద్దం ఒక్కటే ఉండాలి. ‘మామ’కి అవతల అల్లుడూ ఉండొచ్చు, కోడలూ ఉండొచ్చు. పైగా ‘వావివరసలు’ అనగానే జనానికి గుర్తొచ్చేది ఎవరిని ఎవరు చేసుకోకూడదు అన్నది. పాఠ్యపుస్తకంలో అది పెడితే క్లాసులో నవ్వులే.

గోదారి గట్టు:
నవ్వితే నవ్వనీ, గుర్తుంటుంది. పెళ్ళిళ్ళ గొడవ అంటావా, ఊరి వరస ఉంది కదమ్మా. రక్తసంబంధం ఏమీ లేకపోయినా పక్కింటాయన ‘ఊరి వరసకి బాబాయి’. అక్కడ వరస అంటే ఎలా పిలవాలి, ఎలా మసలుకోవాలి అన్నదే.

అర్ధరాత్రి కోడు:
చిట్టి గారి మొదటి పాయింటు మాత్రం గట్టిదే. అద్దం ఒక్కటే, దానికి మళ్ళీ అద్దం పెడితే మొదటిదే రావాలి. మామ, అల్లుడు ఉదాహరణ నోట్సులో పెడితే ఆ తేడా కూడా కింద రాస్తాను.

ఎంపిక ఉన్నచోట టిఫిన్ సెంటర్ ఉదాహరణ పెట్టుకున్నాం. సర్వరు ‘ఇడ్లీ, వడ, పెసరట్టు’ అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు, మనం ఒకటి అంటాం. సర్వరు వైపు మూడింటికీ సిద్ధంగా ఉండాలి, మన వైపు ఒకటి ఎంచుకుంటే చాలు. చెప్పిన జాబితాలో పెసరట్టు ఉండి, అడిగాక ‘అయిపోయింది సార్’ అంటే అది వరస తప్పడం. (మా వీధి చివర రోజూ ఇదే జరుగుతుంది, ఏ టైపు సిస్టమూ కాపాడలేదు.)

ఒక కొసను ఒక్కరే పట్టుకోవాలన్న నియమం ఇంకా ముఖ్యం. లాంబ్డాలో ఒక విలువని పదిసార్లు వాడుకోవచ్చు, ఇక్కడ కుదరదు, ఇద్దరు ఒకే కొస మీద మాట్లాడితే క్రమం చెదిరిపోతుంది. విస్తరాకు లాగా, ఒకసారి తిన్నది ఇంకొకరికి వెయ్యరు. దీని వెనక తర్కం 1987లో జిరార్ పెట్టిన లీనియర్ లాజిక్. 2010లో కైరెస్, ఫెన్నింగ్ ఆ తర్కంలో ప్రతిపాదనలు, సెషన్ టైపులు ఒకటేనని చూపించారు, 2012లో వాడ్లర్ దాన్ని ఇంకో రూపంలో చెప్పాడు.

ఇప్పుడు రెండో మాట అడుగుతాను. ఒక ప్రాసెస్ తన చేతిలో సగం నడిచిన చానెల్ కొసను ఇంకో ప్రాసెస్‌కి పంపేస్తుంది. పంపాక తనకి దాని మీద హక్కు లేదు. అవతలి కొసలో ఉన్నవాడికి మనిషి మారినట్టు కూడా తెలియదు, మాట ఆగినచోటి నుంచి నడుస్తుంది. ఇంగ్లీషులో డెలిగేషన్.

పాత పలక:
ఒప్పగింత.

గోదారి గట్టు:
మా వైపు అప్పగింత అంటాం. అప్పగింతలప్పుడు ఏడవని తల్లి ఉంటుందా, చెయ్యి వదిలాక హక్కు పోతుంది కదా.

అర్ధరాత్రి కోడు:
అప్పగింత. రాసేసుకున్నా. డెడ్‌లాక్‌కి (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఆగిపోవడం) మాట అడగనక్కర్లేదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఒక్క చానెల్ మీద వరస కుదిరినా, రెండు మూడు చానెళ్ళు కలగలిసి పోతే ఈ పెళ్ళి పిచ్చి గొడవ మామూలు సెషన్ టైపులు ఆపలేవు. కైరెస్, ఫెన్నింగ్ పద్ధతిలో ఏ రెండు ప్రాసెస్‌ల మధ్యా ఒక్క చానెలే కలపనిస్తారు కాబట్టి చుట్టు తిరిగి రావడానికి దారి ఉండదు, ఆ గొడవే రాదు.

చిట్టి అక్షరం:
సరే, ఒప్పుకున్నాను. కానీ ముగ్గురు మాట్లాడుకుంటే? కొనేవాడు, అమ్మేవాడు, మధ్యలో బ్యాంకు. అద్దం ఎవరికి ఎవరు?

అర్ధరాత్రి కోడు:
దానికి 2008లో హోండా, యోషిదా, కార్బోనే మల్టీపార్టీ సెషన్ టైపులు తెచ్చారు. అందరి మాటలూ కలిపి ముందు ఒకే పెద్ద పట్టీ రాస్తారు, దాన్నించి ఎవరి వంతు వాళ్ళకి విడదీస్తారు. అద్దం అక్కర్లేదు, అందరూ ఒకే పట్టీలోంచి వచ్చినవాళ్ళే. ఆ పెద్ద పట్టీని ఇంగ్లీషులో గ్లోబల్ టైప్ అంటారు, దానికి పేరు కావాలి.

పాత పలక:
వంశవృక్షం అందామా? దాన్ని చూసే గదా ఎవరికెవరు ఏ వరసో తేలేది.

అర్ధరాత్రి కోడు:
అందులో ముందూ వెనకా లేవు మాస్టారూ. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుస్తుంది, ఎవరు ముందు మాట్లాడాలో తెలియదు.

గోదారి గట్టు:
అయితే పెళ్ళి పురోహితుడి చేతిలో తంతు ఉంటుంది చూడు, ఇప్పుడు కన్యాదాత కాళ్ళు కడగాలి, ఇప్పుడు వధువు వైపు వాళ్ళు రావాలి, ఇప్పుడు వాయిద్యాలు అని. అందరి వంతులూ అందులోనే ఉంటాయి, ఎవరి పని వాళ్ళకి చెబుతాడు.

అర్ధరాత్రి కోడు:
తంతు! నోట్సులో ఇలా మార్చాను: లాంబ్డా దగ్గర ‘రకం’ కొట్టేసి ‘టైపు’ అని అలాగే ఉంచాను, అది అందరికీ అలవాటైన మాట. సెషన్ టైప్ అన్నచోట ‘వరస’, డెలిగేషన్ ‘అప్పగింత’, గ్లోబల్ టైప్ ‘తంతు’. తంతులోంచి ఒక్కొక్కరి వాటా తీయడానికి ఇంకా మాట లేదు, ప్రస్తుతానికి ‘వంతు’ అని పెన్సిల్‌తో రాశాను. ఆదివారం మిగతా ఇద్దరూ ఏమంటారో చూసి చెబుతా.

చిట్టి అక్షరం:
‘వంతు’ ఉంచండి. తంతు, వంతు, ప్రాస కూడా కుదిరింది.