సిగ్నేచర్ గిటార్ మీద పేరు: సంగీతకారుడికి ఆ అర్హత ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న (ఆరుతీగలు)

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఇంతవరకు నా దగ్గర ఉన్నవన్నీ మామూలు మోడళ్లే. ఈ మధ్య కొత్త గిటార్ కోసం వెతుకుతూ, ఒకే సంస్థ తయారుచేసిన రెండు గిటార్లను పక్కపక్కన పెట్టుకుని గంటసేపు వాయించి చూశాను. ఒకటి మామూలు మోడల్, రెండోది నేను చిన్నప్పటి నుంచి ఆరాధించే ఒక వాద్యకారుడి పేరు మీద వచ్చిన సిగ్నేచర్ మోడల్. రెండింటికీ బాడీ ఒకే చెక్క, పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) అవే, బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే భాగం) అదే, నెక్ మందం కూడా చేతికి ఒకేలా తగిలింది. కళ్లు మూసుకుని వాయిస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను. రంగు, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర పొదిగిన ఒక గుర్తు, హెడ్‌స్టాక్ వెనుక ఉన్న సంతకం, ఇవి తప్ప మరే తేడా నాకు కనిపించలేదు. ధరలో మాత్రం చాలా తేడా ఉంది.

ఆ సంతకం మీద వేలు పెట్టి చూసినప్పుడు మొదట సంతోషం కలిగిన మాట నిజమే. ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఎవరి వాద్యం విని నేను గిటార్ పట్టుకున్నానో, ఆ మనిషి ఈ గిటార్‌లో మార్చినది ఏమిటని ఆలోచిస్తే నాకు ఒక్కటీ తోచలేదు. సంగీతకారులకు తమ పేరుతో ఒక గిటార్ ఉండటం న్యాయమేనా? న్యాయమైతే, ఏం చేసినవారికి ఆ గౌరవం దక్కాలి? బాగా వాయించడం ఒక్కటే చాలునా, లేక ఆ వాయిద్యానికి వారు ఏదైనా చేర్చి ఉండాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (పాత వాల్వు)

మీ ప్రశ్న చివరి వాక్యంలోనే నా సమాధానం ఉంది. ఆ మనిషి చేతి అవసరం వల్ల గిటార్‌లో ఒక్క భాగమైనా మారి ఉంటే, ఆ పేరు అక్కడ ఉండటం న్యాయం. అలాంటి మార్పు లేనప్పుడు అది అభిమానుల కోసం వేసిన రంగు మాత్రమే. అయితే ఈ కొలత పెట్టుకుని చరిత్రలోకి వెళితే, మొట్టమొదటి పెద్ద ఉదాహరణ దగ్గరే చిక్కు ఎదురవుతుంది.

అందరికీ తెలిసిన సిగ్నేచర్ ఎలక్ట్రిక్ గిటార్ గిబ్సన్ సంస్థ వారి లెస్ పాల్. ఆ పేరు గల గిటారిస్టు 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దిమ్మెకు పికప్‌లు బిగించి, అది చూడటానికి గిటార్‌లా కనిపించాలని బోలు గిటార్ సగాలను రెండు పక్కలా తగిలించారు. దానికి 'ది లాగ్' అని పేరు. దాన్ని గిబ్సన్ దగ్గరకు తీసుకెళ్లినప్పుడు వారు ఒప్పుకోలేదు. 1950లో ఫెండర్ సంస్థ గట్టి చెక్క గిటార్‌ను అమ్మకానికి తెచ్చిన తరువాతే గిబ్సన్ మేల్కొంది. 1952లో లెస్ పాల్ మోడల్ వచ్చింది. అందులో ఆయన చేతి పని ఎంత అన్న విషయంలో ఆయన చెప్పిన మాటకూ, అప్పటి గిబ్సన్ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ చెప్పిన మాటకూ పొంతన లేదు. మెకార్టీ లెక్క ప్రకారం గిటార్ దాదాపుగా గిబ్సన్ వారే తయారుచేశారు, లెస్ పాల్ తెచ్చినది ముఖ్యంగా దాని టెయిల్‌పీస్ (తీగల చివరలను బాడీకి పట్టి ఉంచే భాగం). ఆ టెయిల్‌పీస్ ఏడాది రెండేళ్లలోనే మారిపోయింది.

ఇంకొక విషయం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. లెస్ పాల్ నిజంగా కోరుకున్న గిటార్ తక్కువ ఇంపెడెన్స్ (విద్యుత్ అవరోధం) గల పికప్‌లు ఉన్నది, స్టూడియోలో నేరుగా రికార్డింగ్ బల్లకు కలిపి స్వచ్ఛమైన నాదం తీయడానికి పనికొచ్చేది. 1969లోనూ ఆ తరువాతా గిబ్సన్ అలాంటి మోడళ్లు ఆయన పేరుతో తెచ్చింది, కానీ అవి జనానికి పట్టలేదు. జనానికి పట్టినది మొదటి మోడలే, అదీ వేరే వాద్యకారుల వల్ల. 1960ల మొదట్లో సరిగా అమ్ముడుపోక గిబ్సన్ దాని ఆకారాన్నే మార్చేసింది, 1963 నాటికి ఆయన పేరును కూడా తీసేసింది. ఎరిక్ క్లాప్టన్ వంటివారు 1966 ప్రాంతంలో పాత లెస్ పాల్ గిటార్లను పెద్ద ఆంప్లిఫయర్లకు కలిపి మోగించాక గిరాకీ పెరిగి, 1968లో దాని తయారీ మళ్లీ మొదలైంది. అంటే పేరు ఒకరిది, తయారీ మరొకరిది, దానికి ప్రాణం పోసింది ఇంకొకరు. నా కొలతతో కచ్చితంగా తూస్తే ఇది తేలిపోవాలి. కానీ గట్టి చెక్క గిటార్ పనికొస్తుందని అంతకు పదేళ్ల ముందే చేసి చూపిన మనిషి పేరు అక్కడ ఉండటం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

గిటారిస్టు చెట్ అట్కిన్స్ విషయం నాకు ఇంకా ఇష్టం. 1950ల మధ్యలో గ్రెచ్ సంస్థ ఆయన పేరుతో 6120 మోడల్ తెచ్చినప్పుడు దాని మీద ఎద్దు తలలు, నాగజెముడు మొక్కలు చెక్కి, పైచెక్క మీద 'జి' అక్షరాన్ని వాత పెట్టినట్టు ముద్రించారు. ఆ అలంకారం ఆయనకు నచ్చలేదు, కాలక్రమంలో తీయించేశారు. అంతకంటే ముఖ్యంగా, అందులోని పికప్‌ల గుయ్యిమనే రొద ఆయనకు సహించలేదు. రే బట్స్ అనే ఆంప్లిఫయర్ల తయారీదారు ఆయన కోసం ఆ రొదను అణచే పికప్ తయారుచేశారు, 1957లో గ్రెచ్ దాన్ని ఫిల్టర్‌ట్రాన్ పేరుతో తన గిటార్లలో పెట్టడం మొదలుపెట్టింది. పేరు ఇచ్చిన మనిషి ఊరుకోకుండా, ఈ మోత నాకు వద్దు అని పట్టుబట్టడం వల్ల ఆ పికప్ పుట్టింది. ఆ గిటార్ పెట్టుకున్న పేరుకు ఇంతకంటే ఏం కావాలి?

గిటారిస్టు స్టీవ్ వాయ్ మోడల్‌ను కూడా చూడండి. 1987లో ఐబనీజ్ సంస్థ తెచ్చిన జెమ్ గిటార్‌కు ఇరవై నాలుగు ఫ్రెట్లు, పై ఫ్రెట్లు చేతికి అందేలా లోతుగా కోసిన బాడీ, ట్రెమొలో (తీగల బిగువు మార్చే కదిలే బ్రిడ్జ్) వెనుక చెక్క తొలిచి తీగల స్థాయిని కిందికే కాక పైకి కూడా లాగే వీలు ఉన్నాయి. ఇవన్నీ ఆయన అడిగి చేయించుకున్నవి. అదే పునాది మీద ఆ సంస్థ ఆర్‌జీ అనే మామూలు శ్రేణిని తెచ్చింది. 1990లో ఆయన కోసం చేసిన ఏడు తీగల గిటార్‌ను తరువాత కార్న్ అనే మెటల్ బృందం పట్టుకుని పూర్తిగా వేరే సంగీతం చేసింది. ఒకరి పేరుతో వచ్చిన గిటార్ ఆయన అభిమానులు కానివారి చేతుల్లో కూడా బతికిందంటే, ఆ పేరు తన పని తాను చేసినట్టే.

జవాబు 2 (నెక్ సర్దేవాడిని)

గిటార్ల మరమ్మతు నా వృత్తి. పైన చెప్పిన కొలతతో నాకు పేచీ లేదు, కానీ బల్ల మీదికి వచ్చిన గిటార్లను చూసే నాకు ఇది మరో వైపు నుంచి కనిపిస్తుంది. నిజమైన సిగ్నేచర్ గిటార్ అంటే ఒక మనిషి చేతికి కుట్టిన చొక్కా. అందువల్లనే అది చాలామందికి పట్టదు.

1988లో ఫెండర్ తెచ్చిన ఇంగ్వే మాల్మ్‌స్టీన్ స్ట్రాటోకాస్టర్‌లో ఫ్రెట్‌కూ ఫ్రెట్‌కూ మధ్య చెక్కను గుంటలా తొలిచి ఉంటుంది. వేలు చెక్కకు తగలదు, తీగకు మాత్రమే తగులుతుంది. తేలికగా వాయించేవారు దాని మీద తీగను ఎంత దూరమైనా లాగి గమకం పలికించగలరు. ఒకసారి ఒక యువకుడు అలా తొలిచిన నెక్ ఉన్న గిటార్ తెచ్చి, ఎన్నిసార్లు శ్రుతి చేసినా స్వరాలు హెచ్చుగా పలుకుతున్నాయని చెప్పాడు. నేను శ్రుతి చూస్తే తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి. అతణ్ని వాయించమన్నాను. అతను మామూలు గిటార్ మీద నొక్కినంత గట్టిగా నొక్కుతున్నాడు, అడ్డుకోవడానికి కింద చెక్క లేదు కాబట్టి తీగ గుంటలోకి దిగి బిగుసుకుని స్వరం పైకి పోతోంది. గిటార్‌లో దోషం లేదు, అతని చేతిలోనూ లేదు. ఆ నెక్ వేరొకరి చేతి కోసం చేసినది, అంతే. ఫ్రెట్లు మార్చాలా అని అడిగాడు. అక్కర్లేదు, మూడు నెలలు తేలికగా నొక్కడం సాధన చెయ్యి అని చెప్పి పంపాను.

క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్ కూడా అలాంటిదే. 1970ల్లో ఆయన కొన్ని పాత గిటార్లు కొని, మూడింటి భాగాలు కలిపి తయారుచేసుకున్న 'బ్లాకీ' దానికి మూలం. 1988లో వచ్చిన ఆయన మోడల్‌లో నెక్ వెనుక భాగం కొద్దిగా వి ఆకారంలో ఉంటుంది, ట్రెమొలో కదలకుండా చెక్కముక్కతో బిగించి ఉంటుంది, మధ్య స్థాయిని 25 డెసిబెల్స్ వరకు పెంచే సర్క్యూట్ బ్యాటరీ మీద నడుస్తుంది. స్ట్రాటోకాస్టర్ నుంచి బొద్దుగా పలికే నాదం కావాలన్నది ఆయన కోరిక. ట్రెమొలో ఆడించే అలవాటు ఉన్నవారు దాన్ని కొంటే మొదటి రోజే చిరాకు పడతారు. ఆయన పేరు చూసి కొని, బ్యాటరీ అయిపోతే గిటార్ పాడైందని తెచ్చినవారిని కూడా చూశాను.

కాబట్టి ఆరుతీగలు గారూ, సంతకాన్ని ప్రశంసాపత్రంలా చూడకండి. ఈ గిటార్‌ను ఎవరి చేతి కొలతతో చేశారో చెప్పే చీటీ అనుకోండి. మీరు చూసిన గిటార్ మీద అలాంటి చీటీ అంటించారు కానీ ఎవరి చేతినీ కొలవలేదు. మీ బాధ అక్కడి నుంచే వచ్చిందని నాకు అనిపిస్తోంది.

జవాబు 3 (రాత్రి సాధన)

పై ఇద్దరినీ గౌరవిస్తూనే కొంత విభేదిస్తాను. భాగాల మార్పునే కొలతగా పెట్టుకుంటే, పనిముట్లు తెలిసిన వాద్యకారులకు మాత్రమే గౌరవం దక్కుతుంది. ఉన్న గిటార్‌నే తీసుకుని దాని నుంచి ఎవరూ వినని నాదం తీసినవారు బయటే ఉండిపోతారు. ఆ నాదం కూడా వాయిద్యానికి చేర్చినదే.

జిమి హెండ్రిక్స్ బతికి ఉండగా ఆయన పేరుతో గిటార్ రాలేదు. కుడిచేతివారి స్ట్రాటోకాస్టర్‌ను తలకిందులుగా తిప్పి, తీగలను తన చేతికి తగ్గట్టు మళ్లీ కట్టుకుని వాయించారు. అలా తిప్పడం వల్ల బ్రిడ్జ్ దగ్గరి పికప్ వాలు కూడా తిరగబడి, మంద్ర తీగలు పదునుగా, సన్నని తీగలు కాస్త మెత్తగా పలుకుతాయి. ఆయన మరణించిన చాలా ఏళ్లకు, 1997లో ఫెండర్ కుడిచేతివారికి కూడా అదే వాలు దొరికేలా ఎడమచేతి గిటార్‌కు తీగలు తిప్పి కట్టి అమ్మింది. ఆయన ఏ భాగాన్నీ గీసి ఇవ్వలేదు. అయినా ఆ గిటార్‌కు ఇంకెవరి పేరు పెట్టగలం?

ఇంకొకటి: పేరు ఎవరికి ఇస్తున్నారన్నది కూడా ముఖ్యమే. స్ట్రాటోకాస్టర్ పుట్టింది 1954లో. ఫెండర్ ఒక స్త్రీ పేరుతో సిగ్నేచర్ గిటార్ చేయడానికి 1990ల మధ్య వరకు పట్టింది, అది బానీ రైట్ గారి మోడల్. ఆమె దాని మీద వచ్చే ఆదాయాన్ని పిల్లలకు గిటార్ నేర్పించే కార్యక్రమానికి మళ్లించారు. 2016లో సెయింట్ వింసెంట్‌గా పేరున్న ఆనీ క్లార్క్ మ్యూజిక్ మ్యాన్ సంస్థతో కలిసి నడుము సన్నగా, బరువు తక్కువగా ఉండే గిటార్‌ను గీసి చేయించుకున్నారు. అంతవరకు బరువైన గిటార్లతో భుజాలు నొప్పి పెట్టుకుంటూ వాయించిన నాలాంటి వారికి, ఎవరో మన శరీరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారన్న భావన చిన్నది కాదు. ఆమె పాటలు నేను అప్పటికి పెద్దగా వినలేదు. గిటార్ పట్టుకున్నాకే విన్నాను.

ఆరుతీగలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. హెండ్రిక్స్ ఉదాహరణ నా ఆలోచనను కొంత మార్చింది. నాకు ఇంకొక సందేహం ఉంది. ఒప్పందం ముగిసి పేరు తీసేస్తే ఆ గిటార్ ఏమవుతుంది? అలాగే, ఒక సిగ్నేచర్ మోడల్‌లో నిజంగా మార్పు ఉందో లేదో కొనేముందు తెలుసుకునే మార్గం ఉందా?

పాత వాల్వు

మొదటి సందేహానికి మంచి ఉదాహరణ ఎడ్డీ వాన్ హేలెన్. 1991లో మ్యూజిక్ మ్యాన్ ఆయనతో కలిసి చేసిన గిటార్‌కు ఆయన సొంత గిటార్ నెక్‌ను కొలిచి, రెండు పక్కలా సమానంగా లేని నెక్ పెట్టారు. 1995లో ఆయన ఆ సంస్థను వీడారు, మరుసటి ఏడాదే పీవీ అనే మరో సంస్థతో వోల్ఫ్‌గ్యాంగ్ మోడల్ తెచ్చారు. మ్యూజిక్ మ్యాన్ తన గిటార్‌కు యాక్సిస్ అని పేరు మార్చి తయారీ కొనసాగించింది. పేరు పోయినా కొనేవారు పోలేదు. మీరు చూసిన గిటార్ మీది సంతకాన్ని రేపు చెరిపేస్తే మామూలు మోడల్ మిగులుతుంది. యాక్సిస్ మీద చెరిపేస్తే ఆ నెక్ అలాగే మిగిలింది.

నెక్ సర్దేవాడిని

రెండో సందేహానికి నేను చెబుతాను. రెండు మోడళ్ల వివరాల పట్టికలను పక్కపక్కన పెట్టుకుని నాలుగు విషయాలు చూడండి: మొదటి ఫ్రెట్ దగ్గరా పన్నెండో ఫ్రెట్ దగ్గరా నెక్ మందం, ఫ్రెట్‌బోర్డ్ వంపు, పికప్‌ల తీగచుట్టు నిరోధం, బ్రిడ్జ్ రకం. ఈ నాలుగూ ఒకటే అయితే తేడా చాలావరకు రంగుదే. తరువాత గిటార్‌ను చేతిలోకి తీసుకుని, ఆంప్లిఫయర్‌కు కలపకుండా, నెక్ వెనుక బొటనవేలిని మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు నెమ్మదిగా జరపండి. మామూలు మోడల్‌లో లేని విధంగా ఎక్కడైనా మందం మారితే, లేదా ఒక పక్క బరువుగా తగిలితే, అక్కడ ఎవరో తన చేతి కోసం అడిగి చేయించుకుని ఉండవచ్చు. అది మీ చేతికి కూడా కుదిరితే సంతకం గురించి ఆలోచించకుండా తీసుకోండి. కుదరకపోతే ఆ మామూలు మోడల్ కొని, మిగిలిన డబ్బుతో ఆ నెక్‌ను మీ చేతికి సరిపోయేలా ఎవరిచేతనైనా సర్దించుకోండి.