ఇంప్లాంట్స్ పెట్టించుకుని 9వ రోజు, ఎడమవైపే ఎందుకింత నొప్పి?

చింతచిగురు:
అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు కుందలహళ్లిలో, వయసు 32. పోయిన వారం బుధవారం బ్రెస్ట్ ఆగ్మెంటేషన్ (రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్) చేయించుకున్నాను. ఇవాళ్టికి 9 రోజులు. ఇంప్లాంట్లు కండరం కింద పెట్టారు, కోత రొమ్ము కింద మడతలో. కుడివైపు దాదాపు మామూలైపోయింది. ఎడమవైపు మాత్రం పొద్దున లేచేసరికి లోపల ఇటుక పెట్టి కుట్టేసినట్టు ఉంటుంది. మంచం దిగేటప్పుడు మరీనూ. పది నిమిషాలు హాల్లో అటూ ఇటూ తిరిగితే కాస్త సర్దుకుంటుంది. జ్వరం లేదు, ఎరుపు లేదు, వాపు రెండువైపులా ఒకేలా ఉంది. ఎడమది కొంచెం పైకి ఉందేమోనని అనుమానం, అద్దం ముందు రోజుకి ఇరవైసార్లు చూసుకుంటే ఏదైనా అనుమానంగానే కనిపిస్తుందనుకోండి.

నాది కుడిచేతి వాటం. ఎక్కువ వాడే చేతి వైపే నొప్పి ఎక్కువ ఉంటుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నాది తిరగబడింది, అదే టెన్షన్. చెకప్ సోమవారం. ఇంట్లో అత్తయ్యకి మాత్రం నాకు నడుము నొప్పి, బెడ్ రెస్ట్ అని చెప్పాం. ఆవిడ పాపం రోజూ సాయంత్రం నా నడుముకి కాపడం పెడుతోంది. గట్టిగా మూలగాలన్నా నడుము పట్టుకునే మూలగాలి.

సిల్క్‌బోర్డ్_ఖైదీ:
కాపడం దగ్గర నవ్వాను, సారీ అండీ. నవ్వితే నాకూ కుట్లు లాగేవి మొదటి రెండు వారాలు.

ముందు ఒకటి చూడండి. రెండువైపులా ఒకే సైజు పెట్టారా? నాకు కుడి 275 సీసీ, ఎడమ 325. పుట్టుకతో రెండూ సమానంగా ఉండేవాళ్లు తక్కువే కదా, చిన్నగా ఉన్న వైపు పెద్దది పెడతారు. అంటే ఆ వైపు చర్మం, కండరం ఎక్కువ సాగాలి. నా ఎడమవైపు మూడు వారాలు సతాయించింది. కుడివైపు ఐదో రోజుకే కూరలు తరుక్కున్నాను.

చింతచిగురు:
ఇప్పుడే ఫైల్ తీశాను. ఇంప్లాంట్ కార్డు మీద రెండు స్టిక్కర్లు ఉన్నాయి. కుడి 300, ఎడమ 325! ఆపరేషన్‌కి ముందు చెప్పే ఉంటారు, ఆ రోజు నా బుర్రలోకి ఏమీ ఎక్కలేదు.

వార్డు_అక్క:
సర్జికల్ వార్డులో నర్సుని, 14 ఏళ్లుగా. డాక్టర్ని కాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

25 సీసీ తేడా ఒక కారణం కావచ్చు. కానీ నాకు ఇంకో ప్రశ్న ఉంది. మీరు మంచం ఏ వైపు నుంచి దిగుతారు?

చింతచిగురు:
ఎడమవైపు నుంచి అక్కా. కుడివైపు గోడ. ఎందుకు?

వార్డు_అక్క:
అనుకున్నాను. ఎడమ అరచేయి పరుపు మీద ఆనించి, ఆ చేతి మీద బరువు మోపి లేస్తున్నారు. అలా నెట్టేటప్పుడు పనిచేసేది ఛాతీ కండరమే, దాని కిందే ఇంప్లాంట్ కూర్చుంది. రాత్రంతా కదలకుండా బిగుసుకున్న కండరాన్ని లేస్తూనే పిండుతున్నారన్నమాట. రాసేది కుడిచేత్తోనే కావచ్చు, లేచేది ఎడమచేత్తో. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అని లెక్క వేసుకునేవాళ్లు ఈ మంచం సంగతి మర్చిపోతారు. సీటు బెల్ట్ లాగడం, ఆటో కడ్డీ పట్టుకోవడం, లోపలివైపు నుంచి తలుపు తోయడం, ఇవన్నీ ఏ చేత్తో చేస్తున్నారో ఒకరోజు గమనించండి.

లేచేటప్పుడు ముందు కాళ్లు కిందికి దించండి. మీ ఆయన వీపు వెనక చేయి పెట్టి లేపాలి. చేయి పట్టుకుని లాగకూడదు, ఆ మాట ఆయనకి విడిగా చెప్పండి, మగవాళ్లు ముందు చేయే పట్టుకుంటారు. తలవైపు రెండు మూడు దిండ్లు పెట్టి ఏటవాలుగా పడుకుంటే లేవడం సగం తేలిక.

ఇంకోటి, ఆ కాపడం నడుము దాటి ముందుకి రానివ్వకండి. రొమ్ము మీద చర్మం ఇప్పుడు మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. ఐస్ కూడా నేరుగా వద్దు.

గోదారి_ఇన్_వైట్‌ఫీల్డ్:
అందరూ మామూలే అంటున్నారు కాబట్టి మామూలు కానిది నేను చెప్తాను. భయపెట్టడానికి కాదు.

నాకు రెండో రోజు రాత్రి, ఒంటిగంట దాటాక, కుడివైపు ఒక్కటే పెరగడం మొదలుపెట్టింది. గంటన్నరలో కొబ్బరికాయంత గట్టిగా అయిపోయింది, చర్మం మెరుస్తోంది, చంక వరకూ ఊదారంగు. నొప్పి మాత్ర వేసినా చెవిటివాడి ముందు శంఖమే. హాస్పిటల్ నంబర్‌కి చేస్తే అవతల ఎవరో నిద్రమత్తులో 'పొద్దున ఓపీకి రండి మేడమ్' అన్నారు. మా అన్నయ్య వినలేదు, డాక్టర్ సొంత నంబర్‌కే చేశాడు. ఆయన ఫోటో పంపమని, చూసిన వెంటనే బయల్దేరమన్నారు. లోపల రక్తం చేరింది, హెమటోమా అంటారు. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి, రక్తం తీసేసి, కారుతున్న నాళాన్ని మూసి, అదే ఇంప్లాంట్ తిరిగి పెట్టారు. రెండేళ్లయింది, బాగున్నాను.

ఒక వైపు నొప్పి ఎక్కువ ఉండటం వేరు, ఒక వైపు కళ్లముందే మారిపోవడం వేరు. రెండోది అయితే తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టర్ సొంత నంబర్ డిశ్చార్జ్ రోజే అడిగి తీసుకోండి.

వార్డు_అక్క:
పైన చెప్పింది వంద శాతం నిజం. హెమటోమా ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది, తర్వాత రాదని మాత్రం కాదు. జ్వరం, ఒకవైపు ఎర్రబడి వేడెక్కడం, కోత దగ్గర చీము, తగ్గుతూ వచ్చిన నొప్పి తిరగబెట్టడం, వీటిలో ఏదైనా అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా నేరుగా ఎమర్జెన్సీకే.

జనహితం:
దేవుడిచ్చిన శరీరాన్ని కోయించుకోవడం ఎందుకు, తర్వాత ఏడవడం ఎందుకు? డబ్బు ఎక్కువైతే ఇలాంటివే.

అరిటాకు:
జనహితం గారూ, నాకు 41. క్యాన్సర్‌కి కుడి రొమ్ము తీసేశాక ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. నన్నూ ఒకావిడ ఇదే అడిగింది, 'ఈ వయసులో ఎవరికి చూపించాలని' అని. నాది ఇన్సూరెన్స్ ఇచ్చింది, ఈ అమ్మాయిది కాస్మెటిక్ కాబట్టి ఇవ్వరు, తేడా అక్కడే. నొప్పి మందులు ఇద్దరికీ అవే.

చింతచిగురూ, ఒక మాట. నాకు ఆపరేషన్ ఒకవైపే, కానీ రెండో వారానికి ఎడమ భుజం, మెడ పట్టేశాయి. కుడివైపుని కాపాడుకుంటూ బరువంతా ఎడమ మీద వేశాను, ఒంటిని వంకరగా మోస్తూ తిరిగాను. మీరు కూడా ఎడమవైపుని దాచుకుంటూ కుడిచేత్తో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తకండి. క్యాన్ అబ్బాయికి పది రూపాయలు ఎక్కువిస్తే డిస్పెన్సర్ మీద పెట్టి వెళ్తాడు.

పాలకోవా:
నాకు ఆపరేషన్ అయి ఆరు నెలలు. నొప్పి ఒకవైపు తగ్గాక రెండోవైపు మొదలైనా కంగారుపడకండి. నాలుగో వారంలో ఆఫీస్ క్యాబ్‌లో కూర్చుని ఉండగా కుడివైపు చిన్న కరెంట్ షాక్ కొట్టింది. అరక్షణం, అంతే. క్యాబ్‌లో 'అమ్మా' అని అరిచాను, డ్రైవర్ బ్రేక్ వేశాడు. నరాలు మళ్లీ మేలుకుంటున్నాయట. అలా రెండు నెలలు, ఎక్కువగా కుడివైపే.

పైకి ఉన్నట్టుంది అన్నారు కదా, మొదట్లో రెండూ పైనే ఉంటాయి, కండరం వదులయ్యేకొద్దీ కిందికి దిగుతాయి. రెండూ ఒకేరోజు దిగవు. నా ఎడమది ముందు దిగింది, కుడిది ఇంకో నెలన్నర తీసుకుంది. ఆ నెలన్నర నేను తీసిన ఫోటోలు ఎవరికైనా దొరికితే నా పరువు ఏమవుతుందో.

వర్తూరు రోడ్డు మీద ఆటో మాత్రం ఎక్కకండి. స్పీడ్ బ్రేకర్‌కీ గుంతకీ తేడా తెలిసేలోపు రెండూ అయిపోతాయి. తప్పదంటే చిన్న దిండు ఛాతీకి హత్తుకుని కూర్చోండి.

సిల్క్‌బోర్డ్_ఖైదీ:
రొమ్ము కింద నుంచి పొట్ట వైపుకి సన్నటి తాడులా ఏదో తగిలింది నాకు మూడో వారంలో, ఒకవైపే. చేయెత్తితే లాగేది. ఇంప్లాంట్ చిరిగిపోయిందనుకుని ఏడ్చాను. ఏమిటక్కా అది?

వార్డు_అక్క:
చర్మం కింద చిన్న సిర గడ్డకట్టి తాడులా తేలుతుంది, మోండర్స్ కార్డ్ అంటారు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. అయినా డాక్టర్‌కి ఒకసారి చూపించాల్సిందే.

చింతచిగురు:
సోమవారం చెకప్ అయింది. డాక్టర్ రెండువైపులా నొక్కి చూసి, ఎడమ కండరం బిగుతుగా ఉంది, మిగతా అంతా బాగుంది అన్నారు. కండరం వదులు కావడానికి రాత్రి ఒక మాత్ర రాశారు. ఆరు వారాల దాకా బరువులు, జిమ్, వైర్ ఉన్న బ్రా వద్దన్నారు. 'మంచం ఎడమవైపు నుంచి దిగుతున్నాను సార్' అంటే ఆయన రాస్తున్నవాడు పెన్ను ఆపి, 'ఇది నేనూ అడగాల్సింది' అన్నారు. అక్కా, ఆ క్రెడిట్ మీదే.

శనివారమే మా ఆయన మంచం గోడ నుంచి జరిపి మధ్యలో వేశాడు. రెండు రోజులుగా ఒకరోజు ఒకవైపు, ఒకరోజు ఇంకోవైపు, అదీ కాళ్లు ముందు దించి. ఇవాళ పొద్దున ఇటుక లేదు. చిన్న రాయి ఉంది.

మంచం ఎందుకు జరిపారని అత్తయ్య అడిగింది. వాస్తు అన్నాడు మా ఆయన. వెంటనే ఒప్పుకుని, తన గదిలో మంచం కూడా జరపమంది.