పురానాపూల్ దగ్గరి పాత దేవిడీలో మూడు వారాల ఇన్‌స్టలేషన్: మేడ మీద ఇసుక పరవవచ్చా?

మట్టిదివ్వె:

నమస్కారం. హైదరాబాదులో మూసీ మీది పాత వంతెన పురానాపూల్‌కు కాస్త ఇవతల, చాలా ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఒక రెండంతస్తుల దేవిడీని, అంటే పాతకాలపు పెద్ద భవంతిని, దాని వారసులు మూడు వారాల పాటు మాకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అద్దె అడగలేదు. తాళం ఇచ్చిన రోజు ఇల్లు ఎట్లా ఉందో, తిరిగి తీసుకునే రోజూ అట్లాగే ఉండాలన్నది వారి ఒకే ఒక షరతు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మీద అందులో ఒక ఇన్‌స్టలేషన్, అంటే గదినే కళాకృతిగా మలిచే ప్రదర్శన, చేయాలని మా నలుగురి ఆలోచన. ఆ వరదలో అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోగా 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే నిలిచిందని మీకు తెలిసే ఉంటుంది. ఈ దేవిడీని ఆ వరదలో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబమే తర్వాత కట్టుకున్నదని వారసులు చెబుతున్నారు కనుక, ఎన్ని ఇబ్బందులున్నా ఈ చోటు వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

మేడ మీద 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల హాలు ఉంది. అందులో నాలుగు అంగుళాల మందాన ఇసుక పరచి, టేకు దూలాలకు కొక్కేలు బిగించి, రెండు వందల చిన్న మట్టి ముంతలను నూలుదారాలతో వేలాడదీసి, వాటిలో కొంచెం కొంచెం నీళ్లు పోసి, ఎదురు గోడ మీద ప్రొజెక్టరుతో కదిలే నీటి నీడలు వేయాలని గీసుకున్నాము. గోడల గచ్చు అక్కడక్కడ పెచ్చులు లేచింది, కిటికీ పక్కన పైనుంచి కిందికి ఒక పగులు ఉంది, పావురాల సంగతి చెప్పనక్కరలేదు. ఆ నేల ఇసుకను మోస్తుందా? నీడలు బాగా పడడానికి గోడకు తెల్ల రంగు వేయవచ్చా? సరిగ్గా సెప్టెంబరు 28 సాయంత్రమే తెరవాలన్నది మా కోరిక. ఇటువంటి పని చేసినవారు దయచేసి చెప్పగలరు.

దూలం_దంతె:

నేను స్ట్రక్చరల్ ఇంజినీరును. ఇల్లు చూడకుండా చెప్పే మాట సగం మాటే అవుతుంది గాని, ఇసుక విషయంలో మాత్రం లెక్క చాలు. మీ హాలు 540 చదరపు అడుగులు. నాలుగు అంగుళాల మందమంటే 180 ఘనపుటడుగుల ఇసుక. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1600 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం ఎనిమిది టన్నుల పైచిలుకు, అంటే చదరపు మీటరుకు 160 కిలోలకు పైన. ఇప్పుడు మనం కొత్తగా కట్టే ఇళ్లకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే వాడుక బరువు (మనుషులు, సామాను కలిపి) చదరపు మీటరుకు 200 కిలోలే. ఇసుక తన వాటా తాను తీసుకున్నాక మిగిలే 40 కిలోలలో, చదరపు మీటరుకు చూడవచ్చిన మనిషి ఒక్కడు కూడా పట్టడు. జనం గుమిగూడే హాళ్లకు అదే ప్రమాణం 500 కిలోలు అడుగుతుంది. మీ దేవిడీని ఈ ప్రమాణాలేవీ లేని రోజుల్లో కట్టారు. దాని బలం ఈ అంకెలకన్నా ఎక్కువే ఉండవచ్చు, ఇన్నేళ్లు వాన కారిన తర్వాత చాలా తక్కువే మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి మనకు నేల కాదు, దూలాల కొనలు చెప్పాలి.

దూలాన్ని అందరూ నడుమ చూస్తారు, అది వంగిందా లేదా అని. చెడిపోయేది సాధారణంగా నడుమ కాదు, గోడలోకి దూరిన కొన. పిట్టగోడ పక్కన నిలిచిన వాన నీరు గోడలోకి దిగి, ఆ కొనను తడిపి, గాలి ఆడని చోట ఏళ్ల తరబడి నానబెడుతుంది. టేకు కూడా అక్కడ ఓడిపోతుంది. నిచ్చెన వేసి, ప్రతి దూలాన్నీ గోడకు ఆనుకున్న చోట స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి కర్ర ఠంగుమంటుంది, పుచ్చింది బొప్పుమంటుంది. తర్వాత మొనతో నొక్కండి. అది పండిన జామకాయలో దిగినట్టు దిగితే ఆ దూలం కింద ఎవరినీ నిలబడనీయవద్దు. గోడ దగ్గర మట్టి గొట్టాల్లాగా చెద దారులు ఉన్నాయేమో కూడా చూడండి.

కొక్కేల ఆలోచన మానుకోండి. ముంతలన్నీ నీళ్లతో కలిపి 160 కిలోలకు మించవు, నిజమే. అయితే ఎండి గట్టిపడ్డ పాత టేకులో మేకు దిగేటప్పుడు చీలిన కర్రను మీరు తిరిగి అతికించలేరు, వారసుల షరతు అక్కడే తప్పుతుంది. దానికి బదులు హాలులోనే తనంత తాను నిలిచే వెదురు చట్రం కట్టించి, నిలువు గడలను గోడల పక్కన, దూలాల కొనలకు దగ్గరగా, పలకల మీద నిలబెట్టించండి. వినాయకచవితి మండపాలు కట్టేవారికి అది చేతికి అలవాటైన పని. చవితి రోజుల్లో వారు దొరకరు కాబట్టి ముందే మాట్లాడుకోండి.

పగులుకు అడ్డంగా పలుచని గాజు పట్టీని రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాయండి. పని మొదలుపెట్టే లోపు గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు ఇన్‌స్టలేషన్ కన్నా ముందు వేరే మాట మాట్లాడుకోవలసి ఉంటుంది.

గచ్చుగోడ:

రంగు గురించి మాత్రం చెబుతాను, మా ఇంట్లో మూడు తరాలుగా సున్నం పనే కనుక. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు ఆ గోడకు ముట్టించవద్దు. డంగు సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, వదులుతుంది. పైన ప్లాస్టిక్ పొర పడితే లోపలి చెమ్మకు దారి ఉండదు, పొక్కు లేస్తుంది, ఆ పొక్కు ఊడేటప్పుడు వందేళ్ల గచ్చును వెంట తీసుకుపోతుంది. మాస్కింగ్ టేపు కూడా అంతే. పెచ్చులకు సిమెంటు పూయడం ఇంకా పెద్ద తప్పు. సిమెంటు గట్టి, సున్నం మెత్తన. రెండూ కలిసి కదలవు. పైగా సిమెంటులోని లవణాలు పక్క గచ్చులోకి ఎక్కి తెల్లగా ఉప్పు పూస్తాయి.

సున్నపు వెల్ల అయితే ఫరవాలేదు కదా అని అడుగుతారేమో. గోడకు హాని లేదు, మీ మాటకు హాని. పెచ్చు లేచిన ఒక చోట అంచును అడ్డంగా, మంచి వెలుతురులో చూడండి. ఉల్లిపొరల లాగా ఒకదాని మీద ఒకటి వేసిన వెల్లలు కనబడతాయి. పాత ఇళ్లలో పైన తెలుపు, కింద నీలిమందు కలిపిన లేత నీలం, ఆ కింద పసుపు, కొన్ని చోట్ల అన్నిటికన్నా అడుగున ముత్యంలాగా మెరిసే అసలు నునుపు గచ్చు, ఇట్లా వస్తాయి. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ పండుగకు గోడలు వెల్ల వేయించుకున్నారో ఆ అంచు మీద ఉంది. మీరు వేసేది మరో పొర. మూడు వారాల తర్వాత దాన్ని గోకడం మొదలుపెడితే మీ పొర దగ్గరే ఆగదు.

గోడకు రెండు మూడు అంగుళాల ఎడంగా కోరా గుడ్డను ఆ వెదురు చట్రానికే బిగించండి. నీటి నీడ గట్టి గోడ మీద కన్నా కొద్దిగా ఊగే గుడ్డ మీదే నీరులాగా ఉంటుందని నా అభిప్రాయం. మీరు కళాకారులు, మీకు నాకన్నా బాగా తెలుసు. ఊడబోయే పెచ్చులను కొట్టి పడేయవద్దు. అంచుల వెంట మెత్తటి ఇసుక కలిపిన నానబెట్టిన సున్నం నొక్కించి నిలబెట్టవచ్చు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో నూరిన సున్నం అయితే మరీ మంచిది గాని, ఇంత చిన్న పనికి గానుగ తిప్పేవారు దొరకడం కష్టం. కోఠీలో 2023లో తిరిగి తెరిచిన బ్రిటిష్ రెసిడెన్సీ మరమ్మతుల్లో సున్నం పని చేసిన మేస్త్రీలు ఎవరైనా దొరుకుతారేమో విచారించండి. ఒక్క పూట పిలిచి చూపించినా మేలే.

గిడ్డంగి_గొడుగు:

నేను రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన కొచ్చి బియెన్నాలేలో ఒకసారి సహాయకుడిగా పనిచేశాను. అక్కడి అప్పటి ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్ కూడా సుగంధద్రవ్యాలు, కొబ్బరిపీచు వ్యాపారం ఆగిపోయాక ఖాళీగా పడి ఉన్న గిడ్డంగులే. 2012లో మొదటి బియెన్నాలేను డిసెంబరు 12న తెరిచారు. తేదీలో పన్నెండ్ల వరస చూడముచ్చటగా ఉందని అందరూ అంటారు గాని, అప్పటికి వానలు తగ్గిపోయి ఉంటాయన్నది నాకు ముఖ్యంగా తోచిన విషయం. మీ సెప్టెంబరు 28 తేదీ భావానికి ఎంత సరిపోతుందో పనికి అంత సరిపోదు. హైదరాబాదులో సెప్టెంబరు అంతా వాన నెల, అక్టోబరును కూడా నమ్మలేము. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతను ఈ నగరం మరచిపోలేదు. కారే కప్పు కింద ప్రొజెక్టరు, తడి గోడల వెంట వైర్లు, చీకటి గదిలో జనం, ఈ మూడూ ఒక చోట చేరకూడదు.

నా సొంత అనుభవం చెబుతాను. నగరంలోనే ఒక పాత ఇంట్లో, ఎప్పటిదో తెలియని గోడ స్విచ్‌బోర్డు నుంచి మేము దీపాలకు కనెక్షన్ లాగాము. ప్రారంభం రోజు సాయంత్రం వాన పడింది, చెమ్మ ఎక్కిన గోడ మీద చేయి ఆనించిన మా స్నేహితుడికి షాకు కొట్టింది. అదృష్టం బాగుండి చిన్నదే. అప్పటినుంచి నేను పాత వైరింగును ముట్టను. విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, మీటరు పక్కనే 30 మిల్లీఆంపియర్ల దగ్గర తెగిపోయే రక్షణ స్విచ్చు పెట్టించి, వైర్లన్నీ నేల మీద గొట్టాల్లో నడిపిస్తాను. వేడెక్కే హాలోజెన్ దీపాలు పాత కర్రకు, గుడ్డకు దగ్గరలో అసలు వద్దు.

పావురాల రెట్టను పొడి చీపురుతో ఊడవవద్దు. ఆ ధూళితో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ముందు నీళ్లు చిలకరించి, మంచి మాస్కు, చేతితొడుగులు వేసుకుని తడిగానే ఎత్తి సంచుల్లో కట్టాలి. అది చేసిన తర్వాత కిటికీలకు వల కట్టకపోతే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. మేడకు ఒక్కటే మెట్లదారి ఉంటే ఒకసారికి పది పన్నెండు మందిని మించి పైకి పంపవద్దు. మెట్ల దగ్గర ఒక మనిషి లెక్కపెడుతూ ఉండాలి. పోలీసు, అగ్నిమాపక శాఖల అనుమతుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వారసులు ఎందరుంటే అందరి సంతకాలు మాత్రం కాగితం మీద తీసుకోండి, ఒక్కరి నోటిమాట చాలదు. ఆ ఇల్లు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద రక్షిత జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోండి.

మట్టిదివ్వె:

అందరికీ ధన్యవాదాలు. నిన్న నిచ్చెన వేసి దూలాలు తట్టి చూశాము. ఏడింటిలో ఆరు ఠంగుమన్నాయి. ఉత్తరపు గోడ వైపు చివరి దూలం దగ్గర మొన రెండు అంగుళాలు దిగింది, బయటికి లాగితే కొసకు తడిసిన కర్ర పొడి అంటుకుని వచ్చింది. సరిగ్గా దాని పైననే పిట్టగోడ పగులులో రావి మొక్క మొలిచి ఉంది. ఆ వైపు మూడో వంతు హాలును తాడు కట్టి మూసేశాము. గాజు పట్టీ అతికించాము.

ఇసుక గురించి రాత్రంతా మాలో మేము వాదించుకున్నాము. చివరికి మాలో ఒకామె అన్న మాటతో వాదన తెగింది: వరద ముందు వచ్చేది కింది గదుల్లోకే కదా, జనం బతకడానికి పైకెక్కి కిందికి చూసి ఉంటారు. కాబట్టి ఇసుక కింది చావడిలో పరుస్తాము. మేడ మీద ముంతలు, గుడ్డ, నీడలు మాత్రమే ఉంటాయి, ఇసుకను వచ్చినవారు పైనుంచి, నడిమి వాకిలి మీది వరండాలో నిలబడి చూస్తారు. ముంతల్లో నీళ్లు కూడా మానేశాము. సెప్టెంబరు 28 సాయంత్రం వాకిట్లో దీపాలు పెట్టి ఒక్క పూట కూర్చుంటాము, అసలు ప్రదర్శన డిసెంబరులో. ఇక ఒక్కటే అనుమానం: కింది చావడిలో నాపరాళ్ల నేల ఉంది, నేల మీదనే కాబట్టి అక్కడ నాలుగు అంగుళాలకు అభ్యంతరం ఉండదు కదా?

దూలం_దంతె:

ఆ వరండా అంచు పిట్టగోడ ఎంత ఎత్తు ఉందో, ఊగుతుందో లేదో ముందు చూడండి. జనం కిందికి చూడాలంటే దాని మీదికే వంగుతారు. ఊగితే దానికి రెండడుగులు ఇవతలగా వెదురు అడ్డు కట్టించండి.

కింది నేల సంగతి: నేల మీదనే అని అనుకోవద్దు. పాత దేవిడీల్లో కొన్నిట్లో చావడి కింద తహ్‌ఖానా, అంటే నేలమాళిగ, ఉంటుంది, దాని మెట్లదారిని ఎప్పుడో రాళ్లు వేసి మూసేసి ఉంటారు, ఇప్పటి వారసులకు కూడా తెలియకపోవచ్చు. గదిలో పొడుగునా, అడ్డంగా, ప్రతి బండ నడుమ లావుపాటి కర్రతో తట్టుకుంటూ వెళ్లండి. శబ్దం మారిన బండల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇసుక లారీకి అంతవరకు చెప్పవద్దు.