డిందు అంటే ఒడుసుడా, కలుసుడా?

హన్మకొండ సైన్స్ సార్: రెండు దినాలసంది ఒక ముక్క సతాయిస్తాంది. పోతన గజేంద్రుడి పద్యంల "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై" అన్నంక వచ్చేది "ఎవ్వనియందు డిందు"నా, "నుండు"నా? పిల్లలకు మెదడు మూలకణాల (స్టెమ్ సెల్స్, వేరే కణాలను కనే కణాలు) పాఠం రాస్తున్న. ఏఎస్‌పీఎం జన్యువు చెడితే ఆ కణాలు తమసొంటి జంటను కనుడు తగ్గించి తొందరపడి న్యూరాన్లయితయి (నరాల కణాలు), మూలకణాల నిల్వ ముందే ఖతం, తల చిన్నగ పుడ్తది. ఆ ఖతంకు డిందు అనొచ్చా?

పాలకుర్తి: డిందే అన్నా. నుండు పెట్టినా ఉత్పలమాల చెడదు గని, "లోపల నుండు" పైపాదంలనే అయిపాయె, పోతన గంత కరువుల లేడు.

జగిత్యాల అక్క: డిందు అంటే కలిసిపోవుడు. కణం సావలే, న్యూరానై కలిసింది, గందుకే సరిపోతది.

పాలకుర్తి: కలుసుడైతే "లీనమై" కూడా పైపాదంలనే ఉన్నది గదా అక్కా! జనించు, ఉండు, డిందు. సృష్టి, స్థితి, లయ. ఒడిసింది అన్నట్టు.

జగిత్యాల అక్క: లయం అంటేనే కలుసుడు తమ్మీ 🙂

సైన్స్ సార్: ఎలుకలల్ల చూస్తే విభజన ఆలస్యమై కొన్ని కణాలు నిజంగ సస్తయి కూడా. రెండూ ఉన్నయి, ఇగ ఏం రాయాలె.

కరీంనగర్: అసలు స్టెమ్ అంటే కాండం, మూలకణం ఎట్లయితది?

పాలకుర్తి: అదే పద్యంల "మూలకారణం" ఉన్నది, సదువుకో. పోతన ఊరు బమ్మెర మాకు పక్కూరే.

కడప నుంచి: ఒంటిమిట్ట అనండి.

(ఇక్కడ్నుంచి పదహారు కామెంట్లు బమ్మెర, ఒంటిమిట్ట మీదనే)

సైన్స్ సార్: అయ్యలారా, నా సంగతి. 2002ల ఈ జన్యువు దొరికింది. దీంట్ల మార్పులు చానావరకు వాక్యం నడుమ చుక్క పెట్టినట్టు, ప్రొటీన్ సగంలనే తెగుతది. తల్లి దిక్కుది, తండ్రి దిక్కుది రెండు ప్రతులూ చెడితేనే జబ్బు, గందుకే మేనరికాలల్ల ఎక్కువ కనవడ్తది.

జగిత్యాల అక్క: అక్షరాలు మారితే డిందు నుండు అయినట్టే. రాసెటోని చెయ్యి జారుడు.

పాలకుర్తి: నుండు ఏ ప్రతిల ఉన్నదో చూపియ్యి ముందుగాల.

జగిత్యాల అక్క: మా తాత గట్లనే పాడేటోడు, వరి తుకం అలుకుకుంట.

సైన్స్ సార్: రేపు మొదటి పీరియడ్. బోర్డు మీద "ఒడిసినయి" అని రాస్తున్న, డిందు సంగతి మీరే తేల్చుకోండ్రి.