మీడియావికీలో విభక్తి తగిలిన తెలుగు మాటలు వెతుకులాటలో దొరకడం లేదు

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాను. మిషన్ రిపేర్లు, రైతుల లాట్ల వివరాలు వాట్సాప్‌లో కొట్టుకుపోతున్నాయని ఆఫీసు కంప్యూటర్‌లో మీడియావికీ 1.39 (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టాం, డేటాబేస్ మారియాడీబీ. మావాళ్లు ఓపిగ్గా, బాగా రాస్తున్నారు. చిక్కల్లా వెతకడంలోనే.

'కంప్రెసర్' అని కొడితే సరిగ్గా ఆ మాట ఉన్న పేజీలే వస్తాయి. 'కంప్రెసర్‌లో ఆయిల్ తగ్గితే', 'కంప్రెసర్‌ను ఆపే ముందు' అని రాసినవి రావు. 'టిక్కీలు' (మిర్చి బస్తాలు) అని వెతికితే 'టిక్కీలకు' దొరకదు. రాత్రి షిఫ్టులో అమోనియా ప్రెషర్ పెరిగినప్పుడు పేజీ కనబడకపోతే ఎంత టెన్షనో చెప్పలేను.

వెతుకులాట ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీబిల్డ్‌టెక్స్ట్‌ఇండెక్స్ స్క్రిప్ట్ నడిపాను, తేడా లేదు. దారిమార్పు పేజీలు (ఒక పేరు కొడితే వేరే పేజీకి తీసుకెళ్లేవి) పెట్టాను. అవి పేజీ పేర్లకే పనికొస్తున్నాయి, లోపలి రాతకు కాదు. మాట మొదటి భాగం రాసి చివర స్టార్ గుర్తు పెడితే ('టిక్కీ*') 'టిక్కీలు', 'టిక్కీలకు' రెండూ వస్తున్నాయి, కానీ హడావుడిలో అది ఎవరికీ గుర్తుండదు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. మీడియావికీలో వెతుకులాటను మెరుగుపరిచే సిరస్‌సెర్చ్ ఎక్స్‌టెన్షన్ వేద్దామంటే దానికి ఎలాస్టిక్‌సెర్చ్ అనే విడి సెర్చ్ సర్వర్ కావాలి, మా సిస్టమ్‌లో ర్యామ్ 4 జీబీనే.

ఎలాస్టిక్‌సెర్చ్ లేకుండా, వెతికే ప్రతి మాట చివరా ఆ స్టార్ దానంతటదే చేరేలా మీడియావికీలో ఎలా సెట్ చేయాలి?