వీడియోలు చాలామంది చూస్తున్నారు, విరాళాలు మాత్రం పెరగడం లేదు

ప్రశ్న (హనుమకొండ):
హనుమకొండ శివారులో ప్రభుత్వ పాఠశాల పిల్లల కోసం సాయంత్రపు చదువు కేంద్రం నడుపుతున్న చిన్న ట్రస్టు మాది. ఫేస్‌బుక్‌లోనూ యూట్యూబ్‌లోనూ మేము పెట్టే వీడియోలను చాలామంది చూసి మెచ్చుకుంటున్నారు కానీ, విరాళాలు ఎప్పటిలాగే తెలిసినవారి నుంచే వస్తున్నాయి. డబ్బు చెల్లించి ప్రకటనలు ఇస్తే ఫలితం ఉంటుందా? గతంలో మేము నిర్వహించిన వైద్య శిబిరానికి వచ్చినవారి ఫోన్ నంబర్లకు వాట్సాప్‌లో విజ్ఞప్తి పంపవచ్చా? అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతంవారు కొందరు ఖాతా నంబరు అడుగుతున్నారు. ఆ సంగతి కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు (కరీంనగర్):
ప్రకటనల ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వీడియోల గణాంకాలు చూపే యూట్యూబ్ స్టూడియోలో వీక్షణల సంఖ్య కన్నా, ప్రేక్షకులు ఏ క్షణంలో వీడియోను వదిలేస్తున్నారో చూపే గ్రాఫ్‌ను ముందు చూడండి. విరాళం అడిగే మాట చివర్లో ఉండి, చాలామంది అంతకు ముందే వెళ్లిపోతూ ఉంటే, వారిని మీరు అసలు అడగనే లేదని అర్థం. అన్నిచోట్లా ఒకే క్యూఆర్ కోడ్ పెడితే డబ్బు ఏ దారిన వచ్చిందో తేలదు కనుక, ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు, కరపత్రానికి విడివిడి లింకులు పెట్టి, రసీదు పుస్తకంలో ఒక గడి అదనంగా గీసి, ఏది చూసి ఇచ్చారో అందులో రాసుకోండి. నా దృష్టిలో మీకు అక్కరకొచ్చే సమాచారమంతా ఆ పుస్తకంలోనే ఉంది: నిరుడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివారి జాబితా తీసి, వారికి సందేశం కాకుండా ఫోనే చేయండి. నిరుటి డబ్బుతో ఏం చేశారో చెప్పిన తర్వాతే మళ్లీ అడగండి.

జవాబు (నిజామాబాద్, ట్రస్టుల లెక్కలు చూస్తుంటాను):
అమెరికా మిత్రులకు ఖాతా నంబరు ఇవ్వడానికి తొందరపడవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద ముఖ్యమైనది ఇచ్చేవారి పౌరసత్వం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు డాలస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా, తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నప్పటికీ, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి నుంచి తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అందువల్ల మీ ఫారంలో పౌరసత్వం ప్రశ్న ముందు, ఖాతా వివరాలు తర్వాత రావాలి. (మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిని ఎవరూ అడగరు, ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.)

జవాబు (మంచిర్యాల):
శిబిరం నంబర్లను వాడవద్దనే నా సలహా. వైద్యం కోసం ఇచ్చిన నంబరును చందాల కోసం వాడటం, అనుమతి ఏ పనికి తీసుకుంటే ఆ పనికే పరిమితం కావాలనే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉద్దేశానికి విరుద్ధం. పైగా ఒకేసారి చాలామందికి పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశం, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది కాబట్టి మీకు ప్రయోజనమూ పెద్దగా ఉండదు. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఎప్పుడు వద్దన్నా తొలగిస్తామనే మాటను ఆ పత్రంలోనే తెలుగులో రాయించండి.